వాల్టర్ షూహార్ట్

వాల్టర్ ఆండ్రూ షూహార్ట్ (1891 మార్చి 18 - 1967 మార్చి 11) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఇంజనీరు, గణాంక శాస్త్రవేత్త. గణాంక పద్ధతులతో నాణ్యతను నియంత్రించే శాస్త్రానికి ఈయనను ఆద్యుడిగా పరిగణిస్తారు. 1924లో ఈయన రూపొందించిన నియంత్రణ పటం మొదట టెలిఫోను పరికరాల తయారీ కోసం ఉద్దేశించినది. ఆ తరువాత అది అనేక ఇతర రంగాలకు విస్తరించింది. వాటిలో వైద్య ప్రయోగశాలలు ముఖ్యమైనవి. రక్తంలోని చక్కెర, పొటాషియం, క్రియాటినిన్ వంటి పరీక్షల ఫలితాలు నమ్మదగినవో కావో తేల్చడానికి ప్రపంచమంతటా వాడుతున్న పటాలకు మూలం షూహార్ట్ పటమే.

బాల్యం, విద్య

షూహార్ట్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో న్యూ కాంటన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, అక్కడే స్నాతకోత్తర విద్యను పూర్తి చేసాడు. 1914లో ఎడ్నా హార్ట్‌ను వివాహమాడాడు. 1917లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి భౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. కొంతకాలం అధ్యాపకుడిగా కూడా పనిచేసాడు. ప్రయోగశాలలో ఒకే వస్తువును పదిసార్లు కొలిస్తే పది రకాల విలువలు వస్తాయన్న సంగతి భౌతిక శాస్త్రవేత్తగా ఆయనకు సుపరిచితమే. ఆయన తరువాతి కృషికి ఈ అనుభవం పునాది అయింది.

వెస్టర్న్ ఎలక్ట్రిక్, బెల్ ప్రయోగశాలలు

1918లో షూహార్ట్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. బెల్ టెలిఫోను వ్యవస్థకు కావలసిన పరికరాలను ఈ కంపెనీయే తయారు చేసేది. షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారం దీని ముఖ్య కేంద్రం. భూమిలో పాతిపెట్టే పరికరాలు చెడిపోతే తవ్వి బాగుచేయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, అవి చాలాకాలం మన్నేలా ఉండాలని కంపెనీ ఆశించేది. అప్పటివరకు నాణ్యత అంటే తయారైన వస్తువులను తనిఖీ చేసి, లోపమున్నవాటిని ఏరివేయడం మాత్రమే. ఆ పద్ధతిలో చెడ్డ వస్తువు బయటికి పోకుండా ఆగుతుంది గాని, అది తయారు కావడం ఆగదు.

1924 మే 16న షూహార్ట్ తన పై అధికారి జార్జ్ ఎడ్వర్డ్స్‌కు సుమారు ఒక పేజీ ఉన్న చిన్న నివేదికను సమర్పించాడు. అందులో మూడోవంతు స్థలాన్ని ఒక పటం ఆక్రమించింది. ఈనాడు నియంత్రణ పటంగా మనకు తెలిసినది దాదాపుగా అదే. 1925లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలు ఏర్పడినపుడు షూహార్ట్ అక్కడికి మారి, 1956లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేసాడు.

నియంత్రణ పటం

ఏ ప్రక్రియలోనైనా ఫలితాలు కొంత అటూ ఇటూ మారుతూనే ఉంటాయి. ఈ మార్పులకు రెండు రకాల కారణాలు ఉంటాయని షూహార్ట్ వివరించాడు. మొదటివి యాదృచ్ఛిక కారణాలు. ఇవి అనేకం, ఒక్కొక్కటి అతి స్వల్పం, ప్రక్రియలోనే అంతర్భాగం. రెండవవి గుర్తించదగిన కారణాలు. అరిగిపోయిన పనిముట్టు, మారిన ముడిసరుకు, కొత్తగా చేరిన పనివాడు వంటివి ఈ కోవకు చెందుతాయి. వీటిని వెతికి పట్టుకోవచ్చు, తొలగించవచ్చు. యాదృచ్ఛిక కారణాలు మాత్రమే పనిచేస్తున్న ప్రక్రియను నియంత్రణలో ఉన్నదిగా ఆయన పేర్కొన్నాడు. అటువంటి ప్రక్రియ మున్ముందు ఏ హద్దుల మధ్య ఉంటుందో అంచనా వేయవచ్చు.

ఈ రెండింటినీ వేరుచేసి చూపే సాధనమే నియంత్రణ పటం. దీనిలో మధ్యన సగటు గీత, దానికి పైనా కిందా నియంత్రణ హద్దులు ఉంటాయి. హద్దులను సగటు నుండి మూడు ప్రామాణిక విచలనాల దూరంలో గీస్తారు. కొలతలను కాలక్రమంలో చుక్కలుగా గుర్తిస్తారు. చుక్క హద్దు దాటితే గుర్తించదగిన కారణం ఏదో ఉన్నదని భావించి వెతకాలి. హద్దుల లోపల ఉన్నంతవరకు ప్రక్రియను కదిలించకూడదు.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లకు అవకాశం ఉంది. సహజమైన ఒడుదుడుకును లోపంగా భ్రమించి యంత్రాన్ని సరిచేయబోతే ఉన్న స్థిరత్వం చెడిపోతుంది. నిజమైన లోపాన్ని సహజమైనదిగా భావించి ఊరుకుంటే నష్టం పెరుగుతుంది. రెండింటి వల్లా కలిగే మొత్తం నష్టం తక్కువగా ఉండాలన్నదే మూడు విచలనాల హద్దును ఎంచుకోవడంలోని ఉద్దేశం. కొలతలు సాధారణ వితరణను అనుసరిస్తే, నియంత్రణలో ఉన్న ప్రక్రియలో వెయ్యి చుక్కలకు సుమారు మూడు మాత్రమే ఈ హద్దును దాటుతాయి. అయితే షూహార్ట్ ఈ హద్దును కేవలం సంభావ్యతా సిద్ధాంతం నుండి రాబట్టలేదు. ఆచరణలో అది పనికివస్తున్నదని, ఖర్చు దృష్ట్యా సరిపోతున్నదని గమనించి స్వీకరించాడు. అంకెలు రాసిన బిళ్ళలను గిన్నెలో కలిపి, ఒక్కొక్కటిగా 4000 సార్లు తీసి నమోదు చేసిన ఆయన ప్రయోగం ప్రసిద్ధమైనది.

గ్రంథాలు

షూహార్ట్ రెండు ముఖ్య గ్రంథాలు రచించాడు. తయారీ వస్తువుల నాణ్యతను పొదుపుగా నియంత్రించడం గురించిన మొదటి గ్రంథం 1931లో వెలువడింది. రెండవది 1938లో అమెరికా వ్యవసాయ శాఖ నిర్వహించే విద్యాసంస్థలో ఇచ్చిన ఉపన్యాసాల ఆధారంగా తయారై 1939లో ప్రచురితమైంది. దీనికి ఎడ్వర్డ్స్ డెమింగ్ సంపాదకత్వం వహించాడు. నిర్దేశించడం, తయారు చేయడం, తనిఖీ చేయడం అనే మూడు దశలు వలయంలా తిరుగుతూ ఉండాలని, ఒక్కొక్క చుట్టుతో జ్ఞానం పెరుగుతుందని ఇందులో ప్రతిపాదించాడు. తరువాతి కాలంలో డెమింగ్ చక్రంగా పేరుపొందిన భావనకు మూలం ఇదే. కొలత విలువకు అర్థం దానిని కొలిచిన పద్ధతితో ముడిపడి ఉంటుందన్న విషయాన్ని కూడా షూహార్ట్ ఈ గ్రంథంలో చర్చించాడు. ఆయన రచనలు చదవడానికి కొంత కఠినంగా ఉంటాయి. వాటిని విస్తృతంగా ప్రచారం చేసిన ఘనత డెమింగ్ వంటి అనుయాయులకు దక్కుతుంది. 1950లో డెమింగ్ జపాను ఇంజనీర్లకు బోధించిన పద్ధతులు ప్రధానంగా షూహార్ట్‌వే.

భారతదేశంతో సంబంధం

ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ 1947-48లో భారతదేశాన్ని సందర్శించాడు. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ ఈ పర్యటనకు వేదిక అయింది. దేశంలో గణాంక నాణ్యతా నియంత్రణ ఉద్యమానికి ఈ పర్యటన ఊపునిచ్చింది. తరువాతి దశాబ్దాలలో ఆ సంస్థ పరిశ్రమలకు తోడ్పడే నాణ్యతా నియంత్రణ విభాగాలను దేశంలోని పలు నగరాలలో నెలకొల్పింది. వాటిలో హైదరాబాదు ఒకటి. 1962లో భారతీయ గణాంక సంస్థ షూహార్ట్‌కు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

వైద్య ప్రయోగశాలలలో షూహార్ట్ పటం

టెలిఫోను కర్మాగారంలో లోపమున్న వస్తువును చూసి గుర్తించవచ్చు. వైద్య ప్రయోగశాల తయారుచేసే వస్తువు ఒక అంకె మాత్రమే. తప్పు అంకె కూడా సరైన అంకెలాగే కనిపిస్తుంది. ఒక రోగి రక్తంలో పొటాషియం లీటరుకు 5.8 మిల్లీమోల్‌లు ఉన్నదని నివేదిక వస్తే, అది రోగి శరీరంలోని మార్పా లేక యంత్రంలోని లోపమా అన్నది ఆ కాగితం చూసి వైద్యుడు చెప్పలేడు. చికిత్స మాత్రం ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

ఈ సమస్య తీవ్రత 1947లో బయటపడింది. విలియం బెల్క్, విలియం సండర్‌మన్ అనే అమెరికా వైద్యులు ముందుగా తయారుచేసిన ఒకే రకం నమూనాలను పెన్సిల్వేనియా ప్రాంతపు ఆసుపత్రుల ప్రయోగశాలలకు పంపి పరీక్షింపజేసారు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వచ్చాయి. వాటిలో చాలా భాగం ఆమోదయోగ్యమైన పరిధికి వెలుపల ఉన్నాయి.

1950లో స్టాన్లీ లెవీ, ఎల్మర్ జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్తలు షూహార్ట్ పటాన్ని వైద్య ప్రయోగశాలలో ఎలా వాడవచ్చో వివరిస్తూ ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. 1952లో హెన్రీ, సెగలోవ్ అనేవారు దీనిని మరింత సులభతరం చేసి, నిలకడగా ఉండే నమూనాను ఒక్కొక్కసారి మాత్రమే కొలిచి ఆ విలువను పటంలో గుర్తించే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఈనాడు ప్రయోగశాలలలో కనిపించేది ఈ రూపమే అయినా, దానిని లెవీ-జెన్నింగ్స్ పటం అనే పిలుస్తారు.

దీని పనితీరు ఇలా ఉంటుంది. రోగుల నమూనాలతో పాటు కంట్రోలు సీరం అనే నమూనాను కూడా క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. ఉదాహరణకు, దానిలో గ్లూకోజు సగటు విలువ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు, ప్రామాణిక విచలనం 2 మిల్లీగ్రాములు అనుకుందాం. అప్పుడు మూడు విచలనాల హద్దులు 94, 106 అవుతాయి. ఒకనాడు ఆ నమూనాకు 109 వస్తే యంత్రంలోనో, రసాయనంలోనో, ప్రమాణీకరణలోనో లోపమున్నదని భావించి, ఆ పూట రోగుల నివేదికలను ఆపి కారణం వెతుకుతారు.

వెస్ట్‌గార్డ్ నియమాలు

అనేక ప్రయోగశాలలు ఎక్కువ జాగ్రత్త కోసమని మూడు విచలనాలకు బదులు రెండు విచలనాల హద్దును ఎంచుకున్నాయి. దీనివల్ల లోపమేమీ లేకున్నా సుమారు 4.5 శాతం సందర్భాలలో చుక్క హద్దు దాటుతుంది. రెండు కంట్రోళ్ళు వాడితే ఈ శాతం దాదాపు 9కి చేరుతుంది. ఇలా వృథా హెచ్చరికలు పెరిగితే, సిబ్బంది కారణం వెతకడం మాని, విలువ హద్దులోకి వచ్చేవరకు కంట్రోలును మళ్ళీ మళ్ళీ పరీక్షించే అలవాటులో పడే ప్రమాదం ఉంది. అప్పుడు నిజమైన లోపం వచ్చినా అది కూడా అదే అలవాటు కింద మరుగున పడుతుంది. షూహార్ట్ హెచ్చరించిన రెండు పొరపాట్లూ ఇక్కడ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు దీనికి పరిష్కారంగా బహుళ నియమాల షూహార్ట్ పటాన్ని ప్రతిపాదించారు. దీని ప్రకారం రెండు విచలనాలు దాటిన ఒక్క విలువ హెచ్చరిక మాత్రమే. ఈ కింది వాటిలో ఏదైనా జరిగితేనే ఫలితాలను నిరాకరిస్తారు.

* ఒక విలువ మూడు విచలనాల హద్దు దాటడం
* వరుసగా రెండు విలువలు ఒకే వైపున రెండు విచలనాలు దాటడం
* ఒకే విడతలో ఒక కంట్రోలు పైన, మరొకటి కింద రెండు విచలనాలు దాటడం
* వరుసగా నాలుగు విలువలు ఒకే వైపున ఒక విచలనం దాటడం
* వరుసగా పది విలువలు సగటుకు ఒకే వైపున ఉండడం

ఏ నియమం భంగపడిందో దానిని బట్టి లోపం స్వభావం కొంతవరకు తెలుస్తుంది. విలువలన్నీ ఒకే వైపుకు జరిగితే ప్రమాణీకరణ, రసాయనాల వంటి స్థిరదోషాన్ని అనుమానిస్తారు. విలువలు పైకీ కిందకీ చెదిరితే నమూనాను పీల్చే గొట్టం, బుడగలు, విద్యుత్తు వంటి వాటిని పరిశీలిస్తారు.

తరువాతి కాలంలో సిగ్మా కొలమానం కూడా ప్రయోగశాలలలో ప్రవేశించింది. ఒక పరీక్షలో అనుమతించదగిన మొత్తం దోష శాతం నుండి స్థిరదోష శాతాన్ని తీసివేసి, వచ్చినదానిని విచలన గుణక శాతంతో భాగిస్తే సిగ్మా విలువ వస్తుంది. అనుమతించిన దోషం 10, స్థిరదోషం 2, విచలన గుణకం 2 అయితే సిగ్మా విలువ 4. ఈ విలువ ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న పరీక్షకు ఒకటి రెండు నియమాలు చాలు. తక్కువగా ఉంటే ఎక్కువ నియమాలు, ఎక్కువ కంట్రోళ్ళు అవసరమవుతాయి.

పరిమితులు

నియంత్రణ పటం ప్రక్రియ స్థిరంగా ఉన్నదో లేదో మాత్రమే చెబుతుంది. మొదటి నుండీ తప్పు విలువనే స్థిరంగా ఇస్తున్న ప్రయోగశాల పటం కూడా చక్కగానే కనిపించవచ్చు. ఈ లోపాన్ని పట్టుకోవడానికి ఒకే నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపి ఫలితాలను పోల్చే బాహ్య నాణ్యతా పరిశీలన అవసరం. భారతదేశంలో వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఇటువంటి పథకాన్ని నిర్వహిస్తున్నది. అలాగే ఒక రోగి రక్తం మరొకరి పేరున్న గొట్టంలో చేరితే ఆ తప్పును కంట్రోలు సీరం పసిగట్టలేదు. వైద్య ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 15189 అంతర్గత నియంత్రణతో పాటు నమూనా సేకరణ, బాహ్య పోలికలను కూడా తప్పనిసరి చేయడానికి ఇదే కారణం.

పదవులు, పురస్కారాలు, మరణం

షూహార్ట్ 1937లోను, 1944లోను గణిత గణాంక శాస్త్ర సంస్థకు, 1945లో అమెరికా గణాంక సంఘానికి అధ్యక్షుడిగా వ్యవహరించాడు. అమెరికా నాణ్యతా నియంత్రణ సంఘానికి మొట్టమొదటి గౌరవ సభ్యుడు ఈయనే. ఆ సంఘం ఈయన పేరిట షూహార్ట్ పతకాన్ని నెలకొల్పింది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం హోలీ పతకంతో సత్కరించింది.

1967 మార్చి 11న న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రాయ్ హిల్స్‌లో షూహార్ట్ మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలో వైద్య ప్రయోగశాలల నాణ్యతను నియంత్రించే తొలి సమాఖ్య చట్టం ఆమోదం పొందింది. నియంత్రణ పటాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7870లోని రెండవ భాగం షూహార్ట్ పేరుతోనే ఉంది.