మొదటి సాలార్‌జంగ్ - జిల్లాబందీ

సాలార్‌జంగ్ అనగానే మనలో చాలామందికి మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియం గుర్తుకొస్తుంది. అందులోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్. ఆయన తాతగారే మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. ఈయన చేసిన గొప్ప పనిని చూడాలంటే మ్యూజియానికి కాదు, తహసీలు కచేరీకి పోవాలి.

ఆయన 1829లో జన్మించారు. 1853లో తండ్రిగారి సోదరుడు సిరాజుల్ ముల్క్ మరణించగా, 24 ఏళ్ల వయస్సులో నిజాం రాజ్యానికి దివాన్ అయ్యారు. అప్పటికి ఖజానా ఖాళీ. అప్పుల కింద బేరారు ప్రాంతాన్ని ఆ సంవత్సరమే కంపెనీవారికి అప్పగించవలసి వచ్చింది. మరికొన్ని తాలూకాలు సాహుకార్ల దగ్గర, అరబ్బు జమాదార్ల దగ్గర తాకట్టులో ఉండేవి.

ఆ రోజుల్లో తాలూక్‌దారు అంటే జీతగాడు కాదు, గుత్తేదారు. సర్కారుకు ఇంత ఇస్తానని ఒప్పుకొని, రైతు దగ్గర అంతకంటే ఎంత ఎక్కువ రాబడితే అంత తన లాభం. అనేక చోట్ల కల్లంలోనే ధాన్యం పంచుకుపోయేవారు. ఎంత ఇచ్చుకోవాలో రైతుకు ముందుగా తెలిసేది కాదు.

సాలార్‌జంగ్ తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటే విడిపించారు. గుత్తలు తీసివేసి జీతం మీద అధికార్లను పెట్టారు. 1865లో జిల్లాబందీ మొదలయింది. దివానీ ఇలాకా విభాగాలుగా, జిల్లాలుగా ఏర్పడింది. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు వచ్చారు. ధాన్యానికి బదులు నగదు శిస్తు నిర్ణయించారు. 1875లో భూముల సర్వే కోసం ప్రత్యేక శాఖ ఏర్పడింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఈ సంస్కరణ జాగీర్లకు వర్తించలేదు. వసూలు పని పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు ఏటేటా రుసుము ఏర్పాటయింది. పలుకుబడి వాళ్లదే అయింది, వారిలో కొందరు వేల ఎకరాలకు దొరలయ్యారు. ఊళ్లో లెక్కల పుస్తకం పట్వారీ చేతిలోనే ఉండిపోయింది. చదువురాని రైతుకు తన పేరు ఏ పహాణీలో ఉందో, లేదో తెలియదు. 1946 తర్వాత నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో రైతులు తిరగబడడానికి మూలాలు ఇక్కడే ఉన్నాయి. జాగీర్లు 1949లో పోయాయి. పటేల్ పట్వారీలు 1984లో పోయారు.

సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హైదరాబాదులో కన్నుమూశారు. 30 సంవత్సరాలు దివాన్‌గిరీ చేసి, గుత్తేదారు ఇష్టం మీద నడిచే వసూలును కాయిదాలోకి తెచ్చారు. ఆయన కాయిదా తహసీలు దాకా వచ్చింది గాని ఊరి గడప దాటలేకపోయింది. ఆ మిగిలిన దూరం చదువుతోనే పూర్తి కావాలి. జిల్లా, తహసీలు, పట్టా, జమాబందీ, రసీదు - ఇవన్నీ మన ఇళ్లల్లో రోజూ పలికే మాటలే. కాని ఆ కాగితం తీసి తన పేరు తాను చదువుకోగలిగినవాడికే అది హక్కు అవుతుంది. మన పిల్లలకు ఉర్దూతోబాటు ఈ తెలుగు కాగితాలు కూడా చదవడం నేర్పుదాం.