వీధిలో నడిచే మనుషుల్ని చూసి జబ్బును పట్టుకున్న డాక్టర్.. జేమ్స్ పార్కిన్సన్ జీవితం

ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం. ఈ తేదీని ఎవరో ఊరికే ఎంచుకోలేదు. ఆ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో, ఆ డాక్టర్ పుట్టినరోజు అది. వణుకును ఉర్దూలో రాషా అంటాం. ఆయుర్వేదంలో కంపవాతం అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ల చేయి వణికితే మాత్రం మనం చాలాసార్లు 'వయసు మీద పడింది కదా' అని వదిలేస్తాం. వణుకులన్నీ ఒకటి కావని, ఇది విడిగా ఒక జబ్బని 200 ఏళ్ల క్రితమే లండన్‌లో ఒక మామూలు బస్తీ డాక్టర్ రాసి పెట్టాడు. ఆయనే జేమ్స్ పార్కిన్సన్.

బస్తీ డాక్టర్ కొడుకు

పార్కిన్సన్ 1755లో లండన్ శివారు హాక్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి జాన్ అక్కడే వైద్యుడు. మందులు కలపడం, కట్లు కట్టడం, చిన్న చిన్న ఆపరేషన్లు చేయడం.. అన్నీ ఆయనే. కొడుకు తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. 1776లో కొన్ని నెలలు లండన్ హాస్పిటల్‌లో చదివాడు. ఆ మరుసటి ఏడాది ఉరి వేసుకున్న ఒక మనిషి ప్రాణం నిలబెట్టే ప్రయత్నానికి హ్యూమేన్ సొసైటీ ఆయనకు వెండి పతకం ఇచ్చింది. అప్పటికి వయసు 22.

1784లో తండ్రి చనిపోయాడు. వైద్యం బాధ్యత పూర్తిగా కొడుకు మీద పడింది. అప్పటికే ప్రాక్టీసులో ఉన్నా, మరుసటి ఏడాది ప్రసిద్ధ సర్జన్ జాన్ హంటర్ లెక్చర్లకు వెళ్లి కూర్చున్నాడు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నవాడు కావడంతో విన్నదంతా రాసుకున్నాడు. చూసింది, విన్నది వెంటనే కాగితం మీద పెట్టే ఈ అలవాటే తర్వాత ఆయన పేరును నిలబెట్టింది.

రాజుగారి కేసులో సాక్షి

ఈ డాక్టర్‌కు రాజకీయాలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఆస్తి ఉన్న కొద్దిమందికే ఓటు. మామూలు మనిషికి కూడా ఓటు కావాలని అడిగిన లండన్ కరెస్పాండింగ్ సొసైటీలో పార్కిన్సన్ సభ్యుడయ్యాడు. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో కరపత్రాలు రాశాడు. పేదల మీద పన్నుల భారం, పార్లమెంటులో వాళ్ల మాట వినిపించకపోవడం, ఇవే ఆయన రాతలకు విషయాలు.

1794లో సొసైటీ మీద పెద్ద ఆపద వచ్చింది. మూడో జార్జి రాజును విషపు బాణంతో చంపడానికి కుట్ర పన్నారని కొందరు సభ్యుల్ని పట్టుకున్నారు. దాన్నే పాప్‌గన్ కుట్ర అంటారు. పార్కిన్సన్‌ను ప్రివీ కౌన్సిల్ ముందుకు పిలిచి ప్రశ్నించారు. ఆ కరపత్రాలు తానే రాశానని ఆయన అక్కడే ఒప్పుకున్నాడు. జైలుకు పోయే ప్రమాదం ఉన్న రోజులవి. చివరికి కుట్ర కేసు నిలబడలేదు, ఆయనకూ ఏమీ కాలేదు.

ఆ తర్వాత కరపత్రాలు తగ్గాయి, పుస్తకాలు పెరిగాయి. ఇంట్లో ఆరోగ్యం ఎలా చూసుకోవాలో మామూలు జనానికి అర్థమయ్యేలా రాశాడు. పిల్లలు ఆటల్లో దెబ్బలు తగిలించుకోకుండా ఒక చిన్న పుస్తకం రాశాడు. కీళ్లవాతంలో ఒక రకమైన గౌట్ మీద ఇంకొకటి. శిలాజాలంటే ప్రాణం. వాటి మీద 1804 నుంచి 1811 మధ్య మూడు సంపుటాలు తెచ్చాడు. 1807లో లండన్‌లో జియొలాజికల్ సొసైటీ పెట్టిన 13 మందిలో ఈయన ఒకడు. బతికి ఉన్నప్పుడు ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది కూడా ఈ శిలాజాలే. వీటన్నిటి మధ్య హాక్స్‌టన్ పేదలకు వైద్యం మాత్రం ఆపలేదు.

ఆరుగురు మనుషులు, 66 పేజీలు

1817లో, తన 62వ ఏట, ఆయన 66 పేజీల చిన్న పుస్తకం వేశాడు. దాని పేరు ఎస్సే ఆన్ ది షేకింగ్ పాల్సీ. అందులో ఉన్నది ఆరుగురి వివరాలు మాత్రమే. మొదటి మనిషి ఒక తోటమాలి. వయసు 50 దాటింది, తాగుడు లాంటి అలవాట్లు లేనివాడు. రెండో మనిషిని, మూడో మనిషిని పార్కిన్సన్ వీధిలో చూసి ఆపి మాట్లాడాడు. వాళ్లలో ఒకరు మాజీ నావికుడు. ఇంకొక మనిషిని దూరం నుంచి చూశాడు, అంతే. ఆ మనిషి నిలబడాలంటే ఎదురుగా ఒకరు పట్టుకోవాలి. వదిలేస్తే ముందుకు తూలుతూ పరుగు తీయాల్సిందే.

ఇంత తక్కువ మందిని చూసి ఆయన రాసిన వివరాలు ఇప్పటికీ డాక్టర్లను ఆశ్చర్యపరుస్తాయి. వణుకు ముందు ఒక చేతిలోనే మొదలవుతుంది. చేయి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. నెమ్మదిగా, ఏళ్ల తరబడి రెండో వైపుకు పాకుతుంది. నడుము ముందుకు వంగుతుంది. అడుగులు చిన్నవవుతాయి, నడక పరుగులా మారుతుంది. రాయడం, తినడం కష్టమవుతుంది. మలబద్ధకం, నిద్ర చెడిపోవడం, చొంగ కారడం వరకు గమనించాడు. తాగుడు వల్ల వచ్చే వణుకు, ముసలితనం వణుకు వేరు, ఇది వేరు అని తేల్చాడు.

ఆయన లెక్కలో తప్పులూ ఉన్నాయి. జబ్బు మూలం మెడ దగ్గర వెన్నుపాములో ఉందనుకున్నాడు. మెడ దగ్గర నెత్తురు తీసే వైద్యం సూచించాడు. కండరాలు బిగుసుకుపోవడాన్ని పట్టుకోలేదు. ఆలోచనాశక్తి చెడదు అనుకున్నాడు, కానీ కొందరికి జబ్బు ముదిరాక మతిమరుపు వస్తుందని ఇప్పుడు తెలుసు. అయితే చనిపోయినవాళ్ల శరీరాన్ని పరీక్షించే అవకాశం తనకు దొరకలేదని, తనవి ఊహలేనని పుస్తకంలోనే చెప్పేశాడు. మిగతా డాక్టర్లు ఈ పని ముందుకు తీసుకెళ్లాలన్నదే ఆయన కోరిక.

అది చూడకుండానే 1824 డిసెంబర్ 21న పక్షవాతంతో చనిపోయాడు. చిన్నప్పటి నుంచి వెళ్లిన షోర్‌డిచ్‌లోని సెయింట్ లియోనార్డ్ చర్చి దగ్గరే ఖననం చేశారు. ఆయనదని నమ్మకంగా చెప్పగల బొమ్మ ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంటర్నెట్‌లో ఆయన పేరుతో తిరిగే ఫొటోలు వేరేవాళ్లవి. ఫొటోగ్రఫీ జనంలోకి రాకముందే ఆయన పోయాడు మరి.

పేరు పెట్టింది పారిస్

సుమారు 50 ఏళ్ల తర్వాత పారిస్‌లోని సాల్పెట్రియర్ ఆసుపత్రి డాక్టర్ షార్కో ఈ జబ్బును లోతుగా చూశాడు. బిగుసుకుపోవడం, కదలికలు నెమ్మదించడం కూడా ఇందులో భాగమని చెప్పాడు. అందరికీ వణుకు ఉండదు, ఇది పక్షవాతమూ కాదు, కాబట్టి పాత పేరు సరికాదన్నాడు. పార్కిన్సన్ పేరు పెట్టింది ఆయనే.

అసలు కారణం 20వ శతాబ్దంలో బయటపడింది. మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ తయారు చేసే కణాలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. కదలికలు సాఫీగా సాగాలంటే డోపమైన్ కావాలి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ కుందేళ్లకు రిసెర్పిన్ ఇచ్చి కదలకుండా చేశాడు, తర్వాత ఎల్‌-డోపాతో మళ్లీ కదిలించాడు. రిసెర్పిన్ మన దేశపు సర్పగంధి మొక్క నుంచి వచ్చిన మందు. ఎల్‌-డోపా మన పొలం గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లోనూ ఉంటుంది. 1960ల చివరికి ఈ ఎల్‌-డోపానే రోగులకు పెద్ద మందయింది. నేటికీ అదే ముఖ్యమైన మందు. అలాగని దూలగొండి గింజలు తెచ్చుకొని సొంత వైద్యం చేసుకోవద్దు. మోతాదు తప్పితే ప్రమాదం.

ఈ జబ్బుతో బతకడం

పార్కిన్సన్స్ పూర్తిగా నయం కాదు. కానీ మందులు, వ్యాయామంతో చాలా ఏళ్లు బతకొచ్చు. బాక్సర్ ముహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ల వయసులో ఈ జబ్బు ఉన్నట్టు చెప్పారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వణికే చేతులతోనే వెలిగించాడు. 2016లో చనిపోయేదాకా 32 ఏళ్లు ఆ జబ్బుతోనే బతికాడు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, అక్షరాలు చిన్నవైపోవడం, గొంతు తగ్గడం, ముఖంలో భావం కనిపించకపోవడం, వాసన తెలియకపోవడం. చాయ్ కప్పు ఎత్తినప్పుడు మాత్రమే చేయి వణికితే అది వేరే రకం వణుకు కావచ్చు. వాంతులకు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందుల వల్ల కూడా ఇలాంటి లక్షణాలే రావచ్చు. ఏదన్నది తేల్చాల్సింది న్యూరాలజిస్టే.

మందు టైముకు పడాలి. భోజనంలో ప్రొటీన్ ఎక్కువైతే మందు సరిగా ఎక్కదు కాబట్టి, తిండికి ఎంత ముందు వేసుకోవాలో డాక్టర్‌ను అడగాలి. మందు ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. రంజాన్ వస్తుందంటే రోజా ఉండొచ్చా లేదా అన్నది ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. జబ్బు మనిషికి దీన్‌లో సడలింపు ఉంది. మొండికేసి ప్రాణం మీదకు తెచ్చుకోవాల్సిన పని లేదు. నమాజ్‌లో రుకూ, సజ్దా దగ్గర తూలుతుంటే కుర్చీలో కూర్చొని చదవొచ్చు.

రోగిని తొందరపెట్టకండి. మాట నెమ్మదిస్తే మధ్యలో అందుకోకుండా పూర్తి చేయనివ్వండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్ పెట్టించండి, జారే చాపలు తీసేయండి. రోజూ కాసేపు నడిపించండి.

స్కాన్లు లేని కాలంలో పార్కిన్సన్ దగ్గర ఉన్నది చూపు ఒక్కటే. దారిన పోయే మనిషి నడకలో తేడా కనబడితే ఆగి పలకరించాడు. మన ఇళ్లలో అమ్మీ, అబ్బా నడకలో తేడా వచ్చినప్పుడు ఆ మాత్రం ఆగి చూడటానికి డాక్టర్ చదువు అక్కర్లేదు. చూశాక ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే చాలు.