కావేరిలో పడేసిన రాముడు: త్యాగరాజస్వామి ఇంటి పూజామందిరం కథ

కొత్త ఫ్లాట్‌లోకి మారగానే మనలో చాలామందికి వచ్చే మొదటి సందేహం దేవుడి మూల గురించే. ఇత్తడి విగ్రహమా, పాలరాతిదా? ఎంత ఎత్తు ఉండాలి? ఆన్‌లైన్‌లో చూస్తే వందల రకాలు కనిపిస్తాయి, ఏది తీసుకోవాలో అస్సలు తేలదు. కొనేముందు ఒక్కసారి త్యాగరాజస్వామి ఇంట్లోకి వెళ్లొద్దాం. ఆయన పాటలు మనందరికీ తెలుసు. కానీ ఆ పాటల్లో చాలా భాగం ఏ రాముడి ఎదురుగా కూర్చుని పాడారో, ఆ చిన్న విగ్రహాల కథ చాలామందికి తెలీదు.

ఆయన 1767లో తిరువారూరులో పుట్టారు. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది, ఇంటిపేరు కాకర్ల. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. పేర్లలోనే రాముడూ సీతా ఉన్నారు చూడండి! తర్వాత కుటుంబం కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారుకి మారింది. అక్కడ తిరుమంజన వీధిలో వాళ్ల ఇల్లు. సంగీతం శొంఠి వెంకటరమణయ్య గారి దగ్గర నేర్చుకున్నారు.

తండ్రి పోయాక అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు. త్యాగరాజు వాటాకి ఇంట్లో కొంత భాగం, తండ్రి పూజించిన సీతారామలక్ష్మణుల విగ్రహాలు వచ్చాయని చెబుతారు. వాటాగా వచ్చిన ఆ విగ్రహాలనే ఆయన ఇంటికి యజమానుల్లా చూసుకున్నారు. పొద్దున్నే తంబుర పట్టుకుని, రామనామం పాడుకుంటూ వీధుల్లో తిరిగేవారు. దీన్ని ఉంఛవృత్తి అంటారు. ఇళ్లవాళ్లు వేసిన బియ్యమే వండి, ముందు రాముడికి నైవేద్యం పెట్టి, తర్వాత శిష్యులతో కలిసి తినేవారు. రేపటికని దాచుకోవడం లేదు.

ఇక ఆ పూజ ఎలా ఉండేదంటే, ప్రతి ఉపచారానికీ ఒక పాట. రాముణ్ని నిద్ర లేపడానికి ఒకటి, పాలు తాగమని బతిమాలడానికి ఒకటి, తాంబూలం ఇవ్వడానికి ఒకటి, హారతికి ఒకటి, ఉయ్యాల ఊపడానికి నీలాంబరిలో ఒకటి. వీటినే ఉత్సవ సంప్రదాయ కీర్తనలు అంటాం. చాలావరకు తేలిక తెలుగులో, ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కూడా పాడుకునేలా ఉంటాయి. పెద్ద పెద్ద కృతుల కన్నా నాకు ఇవే ఎక్కువ ఇష్టం, నిజం చెప్పాలంటే. ఇంట్లో ఒక మనిషికి సేవ చేస్తున్నట్టే ఉంటాయి.

అన్న జప్యేశుడికి మాత్రం ఇదంతా నచ్చలేదు. ఆయన్ని తిట్టిపోయడం తేలికే గానీ, ఇంటి ఖర్చులు చూసేవాడి బాధ కూడా ఉంటుంది కదా. తంజావూరు రాజు శరభోజీ ఆస్థానానికి రమ్మని పిలుపు వచ్చినా తమ్ముడు వెళ్లలేదు. డబ్బూ భూములూ వద్దన్నాడు. అన్న కోపం పట్టలేకపోయాడు. దీనంతటికీ మూలం ఆ విగ్రహాలే అనుకుని, ఒకరోజు వాటిని తీసుకెళ్లి కావేరిలో పడేశాడని సంప్రదాయం చెబుతోంది.

మందిరం ఖాళీ. రోజూ లేపి, తినిపించి, నిద్రపుచ్చిన రాముడు లేడు. త్యాగరాజు ఇంకో విగ్రహం తెప్పించుకోవచ్చు. కంచు శిల్పాలకి పేరుపడ్డ చోళదేశంలోనే ఉన్నాడాయన. కానీ ఆ పని చేయలేదు. రాముడు ఎక్కడ దాక్కున్నాడో అని వెతుక్కుంటూ, ఏడుస్తూ పాడారు. ఆ వెతుకులాటలో పుట్టినవని చెప్పే కృతులు ఇప్పటికీ కచేరీల్లో వింటాం. చివరికి కలలో రాముడు చోటు చూపించాడనీ, వెళ్లి చూస్తే నది ఇసుకలో విగ్రహాలు దొరికాయనీ అంటారు. వాటిని గుండెలకి హత్తుకుని ఇంటికి తెచ్చుకుని మళ్లీ పూజ మొదలుపెట్టారు.

ఆ మందిరంలోకి తర్వాత ఇంకో వస్తువు చేరింది. కూతురు సీతాలక్ష్మి పెళ్లికి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఒక రాముడి చిత్రపటం తెచ్చాడు, అదీ కాలినడకన మోసుకుంటూ. ఆ పటం చూడగానే, తనను కాపాడటానికి రాముడే నడిచి వచ్చాడనిపించి స్వామి మోహన రాగంలో పాడేశారట. ఎంతమంది ఎన్ని కానుకలు తెచ్చారో ఆ పెళ్లికి, మనకి గుర్తున్నది ఈ ఒక్క పటమే.

మీ ఇంట్లో అమ్మమ్మ ఇచ్చిన చిన్న కృష్ణుడో, నాన్న తిరుపతి నుంచి తెచ్చిన పటమో ఏ అట్టపెట్టెలోనో ఉంటే, కొత్తది ఆర్డర్ పెట్టేముందు దాన్ని బయటికి తీయండి. తుడిచి, ఒక దీపం పెట్టి, మీకు వచ్చిన ఒక్క పాట పాడండి. రాగం కుదరకపోయినా ఫర్వాలేదు.

1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి తిరువయ్యారులో సిద్ధి పొందారు. అంతకు కొద్దిగా ముందే సన్యాసం తీసుకున్నారు. సమాధి కావేరి ఒడ్డునే ఉంది, ఏటా ఆరాధన జరిగేది అక్కడే. ఆ సీతారామలక్ష్మణుల విగ్రహాలు మాత్రం ఇప్పుడు తంజావూరులో, వరాహప్పయ్యర్ సందులోని ఒక ఇంట్లో పూజలు అందుకుంటున్నాయి. ఆ పూజ చేస్తున్నది ఎవరో కాదు, జప్యేశుడి వంశం వాళ్లే.