మహాలయ తెల్లవారుజామున వినిపించే గొంతు: బీరేంద్ర కృష్ణ భద్ర

పోయిన వీడియోలో దేవీ మాహాత్మ్యం రెండో అధ్యాయం చెప్పుకున్నాం. దేవతల తేజస్సంతా ఒక్కచోట చేరి అమ్మవారుగా రూపం కట్టే ఘట్టం, గుర్తుందిగా? ఆ ఘట్టాన్ని రేడియోలో చదివి, ఒక రాష్ట్రం మొత్తాన్ని ఏటా తెల్లవారుజామున నాలుగింటికి నిద్రలేపిన మనిషి ఒకాయన ఉన్నారు. వీడియోలో ఆయన గురించి చెప్పడానికి టైమ్ సరిపోలేదు. అందుకే ఈ పోస్టు.

మన ఇళ్ళలో మహాలయ అమావాస్య అంటే ముందు గుర్తొచ్చేది పితృతర్పణాలు, స్వయంపాకం ఇవ్వడం. మర్నాటి నుంచి శరన్నవరాత్రులు. బెంగాలీలు కూడా ఆ రోజు గంగ ఒడ్డున తర్పణాలు వదులుతారు. కానీ వాళ్ళకి ఆ రోజు అంతకంటే ముందే, చీకటి ఉండగానే మొదలవుతుంది. నాలుగు గంటలకి రేడియోలో శంఖం మోగుతుంది, ఆ తర్వాత ఒక మగ గొంతు వినిపిస్తుంది. దాదాపు గంటన్నర కార్యక్రమం, పేరు మహిషాసురమర్దిని. మనకి ఆ పేరు చెప్తే వెంటనే అయిగిరి నందిని స్తోత్రం గుర్తొస్తుంది కానీ ఇది వేరు. సప్తశతి శ్లోకాలు, బెంగాలీ వచనం, పాటలు కలిపి అల్లిన రేడియో రూపకం. ఆ గొంతే బీరేంద్ర కృష్ణ భద్ర. మన ఉచ్చారణలో వీరేంద్ర. బెంగాలీలో వకారం బకారం అయిపోతుంది కదా.

ఆయన 1905 ఆగస్టు 4న ఉత్తర కలకత్తాలో పుట్టారు. తండ్రి కాళీకృష్ణ భద్ర చాలా భాషలు తెలిసిన మనిషి. నానమ్మ యోగమాయా దేవి బాగా చదువుకున్నారు. ఆ కాలంలో ఒక ఆడమనిషి సంస్కృతం, ఇంగ్లిషు నేర్చుకుని మనవడికి శ్లోకాలూ నాటకాలూ దగ్గర కూర్చోబెట్టి చెప్పడం మామూలు విషయం కాదు. పిల్లాడికి పద్యం చదివే పిచ్చి అక్కడే అంటుకుంది. 1928లో స్కాటిష్ చర్చ్ కాలేజీలో డిగ్రీ అయింది, రైల్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అంతటితో సెటిల్ అయిపోవచ్చు. ఆయన మనసు మాత్రం అప్పుడే కొత్తగా వచ్చిన ఒక టెక్నాలజీ మీద పడింది.

కలకత్తా రేడియో స్టేషన్ 1927 ఆగస్టు 26న మొదలైంది. అప్పటికి ఆకాశవాణి లేదు, ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ నడిపేది. గార్‌స్టిన్ ప్లేస్‌లో ఒకటో నంబరు భవనం దాని చిరునామా. ఒక రకంగా అదొక స్టార్టప్. డబ్బుల్లేక 1930కల్లా మూతపడితే ప్రభుత్వం తీసుకుంది, 1936లో ఆలిండియా రేడియో అయింది. ఇలాంటి చోట చేరడానికి రైల్వే ఉద్యోగం వదిలేశారంటే ఇంట్లో ఏం అని ఉంటారో మీరే ఊహించుకోండి.

మరి ఆయన రేడియోలోకి వచ్చింది భక్తి కార్యక్రమంతో అనుకుంటున్నారా? కాదు, కామెడీతో! 1928లో తన నాటక బృందంతో కలిసి పరశురామ్ అనే కలం పేరుతో రాసే రాజశేఖర్ బసు కథ చికిత్సా సంకట్‌ని నాటకంగా వేశారు. ఒకాయన ట్రామ్ దగ్గర కింద పడతాడు, పెద్దగా దెబ్బేమీ తగలదు. అయినా స్నేహితుల మాట విని అల్లోపతీ, హోమియోపతీ, ఆయుర్వేదం, యునానీ డాక్టర్లందరి చుట్టూ తిరుగుతాడు. ఒక్కొక్కరూ ఒక్కో రోగం పేరు చెప్తారు. చిన్న లక్షణానికి ఇంటర్నెట్‌లో వెతికి భయపడిపోయే మన బ్యాచ్‌కి బాగా కనెక్ట్ అయ్యే కథ. ఆ తర్వాత కూడా ఆయన హాస్యం వదల్లేదు. విరూపాక్షుడనే పేరుతో రేడియోకి సరదా కబుర్లు రాసి చదివేవారు. ఆడవాళ్ళ కార్యక్రమానికి ఇంకో పేరు, విష్ణుశర్మ. శివుడి పేరు ఒకటి, పంచతంత్రం చెప్పిన ఆయన పేరు ఇంకొకటి. పేర్ల ఎంపిక చూస్తేనే మనిషి ఎలాంటివాడో తెలుస్తోంది. ఇవి కాక లెక్కలేనన్ని రేడియో నాటకాలు. తెర లేదు, మేకప్ లేదు, చేతి సైగ లేదు. ఉన్నదంతా గొంతే. స్టేజి మీద వెనక వరసకి వినిపించాలని అరిచే నటులకి, మైకు ముందు గుసగుస కూడా చాలని నేర్పాల్సిన రోజులవి.

1930ల ఆరంభంలో స్టేషన్‌లో అమ్మవారి మీద ఒక రూపకం చెయ్యాలనుకున్నారు. రచన వాణీ కుమార్, సంగీతం పంకజ్ మల్లిక్, చండీపాఠం బీరేంద్ర కృష్ణ. ముగ్గురూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళే! ప్రసారమయ్యే రోజు మొదట్లో అటూ ఇటూ మారింది కానీ చివరికి మహాలయ తెల్లవారుజాము అని స్థిరపడింది. ఇందులో నాకు బాగా నచ్చే కథ ఒకటుంది. వాద్యగాళ్ళలో ముస్లింలు చాలామంది. సంస్కృత శ్లోకం ఎక్కడ ఆగిందో, బెంగాలీ వచనం ఎక్కడ మొదలైందో వాళ్ళలో కొందరికి తెలియలేదట. శ్లోకం అయిపోయినా వచనం కింద కూడా వాయిస్తూనే ఉన్నారట. బీరేంద్ర కృష్ణ ఆ వాద్యాలతో పాటే వచనాన్ని కూడా శ్లోకంలాగే రాగంలో చదువుకుంటూ వెళ్ళిపోయారట. విన్నవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచింది, అదే పద్ధతి ఖాయమైంది. ఈ రోజు వింటే మాట ఎక్కడ పాటవుతోందో పట్టుకోలేం, మీరే చూడండి.

ఇక్కడే అసలు గొడవ వచ్చింది. బీరేంద్ర కృష్ణ కాయస్థులు, బ్రాహ్మణులు కారు. చండీపాఠం ఆయన చెయ్యడం ఏమిటి, అదీ ఊరందరికీ వినపడేలా, అని కొందరు ఛాందసులు అభ్యంతరం పెట్టారు. అప్పుడు కార్యక్రమాలు చూసే నృపేంద్రనాథ్ మజుందార్ గారు, వాణీ కుమార్ ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. వాణీ కుమార్ స్వయంగా బ్రాహ్మణులే. చదివితే బీరేన్ చదవాలి, లేకపోతే కార్యక్రమమే వద్దన్నట్టు నిలబడ్డారు.

ఈ విషయం తెలిశాక నేను సప్తశతి మళ్ళీ మొదటి నుంచి చదివాను. 13 అధ్యాయాలు, 700 శ్లోకాలు. మేధా మహర్షి ఆ కథ ఎవరికి చెప్తాడు? రాజ్యం పోగొట్టుకున్న సురథుడు అనే రాజుకి, భార్యాబిడ్డలు ఇంట్లోంచి తరిమేసిన సమాధి అనే వైశ్యుడికి. చివర్లో నది ఒడ్డున మట్టితో అమ్మవారి బొమ్మ చేసుకుని పూజ చేసింది కూడా ఆ ఇద్దరే. అమ్మ వాళ్ళకి ప్రత్యక్షమై వరాలిచ్చింది. కలకత్తాలో అభ్యంతరం పెట్టినవాళ్ళు ఈ గ్రంథం రోజూ పారాయణ చేసేవాళ్ళే అయ్యుంటారు. మరి ఈ భాగం దగ్గర ఎందుకు ఆగలేదో నాకు అర్థం కాదు. ఈ రోజుకీ ఎవరు చదవొచ్చు, ఎవరు చదవకూడదు అని మన చానెల్‌కి మెసేజ్‌లు వస్తుంటాయి. నా మటుకు నా సమాధానం ఆ ఇద్దరి కథే.

ఆయన కూడా దాన్ని ఉత్త ప్రోగ్రామ్‌గా చూడలేదు. 1960ల దాకా కార్యక్రమం లైవ్‌గానే వెళ్ళేది. అర్ధరాత్రి దాటాక కళాకారులంతా స్టూడియోకి చేరేవాళ్ళు. బీరేంద్ర కృష్ణ స్నానం చేసి, పట్టు ధోవతి కట్టుకుని మైకు ముందు కూర్చునేవారు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆయన గొంతు వణుకుతుంది, ఏడుపులోకి జారిపోతుంది. రికార్డింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. నేను మా వీడియోల ఆడియో ఎడిట్ చేస్తాను. గొంతు కొంచెం బొంగురుపోతే కట్ చేసి ఇంకో టేక్ పెట్టేస్తాను. అక్కడ ఇంకో టేక్ లేదు. గంటన్నర పాటు పదుల మంది గాయకులు, వాద్యాలు, ఒక్కటే అవకాశం, డైరెక్టుగా ప్రొడక్షన్‌లోకి. ఆ వణుకు నటనా, భక్తా అని చాలామంది అడుగుతారు. ఇరవై ఏళ్ళు దాటని వయసు నుంచీ నాటకంలో మునిగిన మనిషికి ఆ రెండింటి మధ్య గీత ఉండేదని నేననుకోను.

1941 ఆగస్టు 7న రవీంద్రనాథ్ ఠాగూర్ చనిపోయినప్పుడు అంతిమయాత్రని రేడియోలో కళ్ళకి కట్టినట్టు వర్ణించింది కూడా ఈయనే.

ఇక 1976. దేశంలో ఎమర్జెన్సీ. కార్యక్రమం పాతబడింది, కొత్తగా చెయ్యాలని పైవాళ్ళు నిర్ణయించారు. కొత్త రూపకం పేరు దేవీ దుర్గతిహారిణి. సంగీతం హేమంత్ కుమార్‌గా మనకి తెలిసిన హేమంత ముఖోపాధ్యాయ్, గొంతు ఉత్తమ్ కుమార్. బెంగాలీలకి ఉత్తమ్ కుమార్ అంటే మనకి ఎన్టీఆర్, ఏఎన్నార్ ఎంతో అంత. అంతకన్నా పెద్ద పేరు అక్కడ లేదు. బీరేంద్ర కృష్ణకి అప్పటికి 71 ఏళ్ళు. నలభై ఏళ్ళకి పైగా చేసిన పని చేతిలోంచి తీసేసుకున్నారు. ఉత్తమ్ కుమార్ మొహమాటపడుతూ ఆయన ఇంటికి వెళ్తే, బాధ కనపడనీయకుండా చెయ్యి బాబూ అని ప్రోత్సహించారని చెబుతారు.

మహాలయ నాడు జనం ఎప్పట్లాగే నాలుగింటికి లేచారు. రేడియో పెట్టారు. వేరే గొంతు. తెల్లారేసరికి ఆకాశవాణికి ఫోన్ల మీద ఫోన్లు, భవనం ముందు జనం, పత్రికల్లో తిట్లు. ఎమర్జెన్సీలో ప్రభుత్వ రేడియో మీద జనం అలా విరుచుకుపడటం చిన్న విషయం కాదు. ఆకాశవాణి దిగొచ్చింది. అదే ఏడు షష్ఠి నాడు, అంటే వారం తిరక్కుండానే, పాత మహిషాసురమర్దినిని మళ్ళీ ప్రసారం చేసింది. మా భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్. ఉత్తమ్ కుమార్ బాగా చెయ్యలేదనడం అన్యాయం. ఎవరు చేసినా అదే జరిగేది. జనానికి ఆ తెల్లవారుజామున కావాల్సింది మంచి గొంతు కాదు, అమ్మానాన్నలతో కలిసి దుప్పటి కప్పుకుని విన్న గొంతు.

కానీ ఆ గెలుపు ఆయనకి పెద్దగా ఒరగబెట్టిందేమీ లేదు. రేడియోలో స్టాఫ్ ఆర్టిస్టు లెక్కలో ఉండటం వల్ల పెన్షన్ రాలేదు. రైల్వేలోనే ఉండుంటే వచ్చేది! వయసు మళ్ళాక ఏదో పనిమీద ఆకాశవాణికి వెళ్తే గేటు దగ్గర పాస్ అడిగి ఆపారన్న మాట కూడా కలకత్తాలో చెప్పుకుంటారు. 1991 నవంబరులో ఆయన పోయారు. ఆ ఏడు మహాలయకి కూడా ఇంటింటా ఆయన గొంతే మోగింది, ఆ తర్వాత ప్రతి ఏడూ మోగుతూనే ఉంది. 1976లో జరిగిన కథ మీద 2019లో మహాలయ అని ఒక బెంగాలీ సినిమా కూడా వచ్చింది.

మనకీ ఇలాంటి గొంతులు లేకపోలేదు. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ గారి రామాయణ భారతాలు మీ తాతగారినో అమ్మమ్మనో అడగండి, వాళ్ళే చెప్తారు. ఆయన మీద ఇంకో పోస్టు రాస్తాను.

ఈ మహాలయ అమావాస్యకి వినాలనుకునేవాళ్ళకి: తెల్లవారుజామున సరిగ్గా నాలుగింటికి, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో కోల్‌కతా స్టేషన్ పెట్టుకోండి. బెంగాలీ రాకపోయినా ఫరవాలేదు, శ్లోకాలు మన సప్తశతివే. పుస్తకం పక్కన పెట్టుకుంటే ఎక్కడున్నారో దొరుకుతుంది. ఇయర్‌ఫోన్స్ వద్దు, స్పీకర్‌లో పెట్టి ఇంట్లోవాళ్ళని కూడా లేపండి. శంఖం మొదట్లోనే మోగుతుంది, ఐదు నిమిషాల ముందే రెడీగా ఉండండి.

జై దుర్గా!