హోవీ మోరెంజ్

1902, సెప్టెంబరు 21న కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి చెందిన మిచెల్ పట్టణంలో జన్మించిన హోవీ మోరెంజ్ సుప్రసిద్ధ ఐస్ హాకీ క్రీడాకారుడు. ఇతని పూర్తి పేరు హోవార్త్ విలియం మోరెంజ్. మాంట్రియల్ కెనడియన్స్ జట్టు తరఫున ఆడి నేషనల్ హాకీ లీగ్ తొలితరం ఆటగాళ్ళలో అగ్రగణ్యుడిగా పేరుపొందాడు. ఈ క్రీడలో దేహబలం ముఖ్యమా, నైపుణ్యం ముఖ్యమా అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇతని పేరు ప్రస్తావనకు వస్తుంది.

బాల్యం, ఆరంగేట్రం

మోరెంజ్ కుటుంబం తరువాత స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి తరలివెళ్ళింది. అక్కడి రైల్వే కార్ఖానాలో పని నేర్చుకుంటూనే స్థానిక జట్లలో ఆడి గుర్తింపు పొందాడు. 1923లో కెనడియన్స్ తో ఒప్పందం కుదుర్చుకున్నా, వెంటనే మనసు మార్చుకొని దానిని రద్దు చేయమని కోరాడు. యజమాని లియో డాండురాండ్ అందుకు అంగీకరించలేదు. ఆ సీజన్ లోనే, అనగా 1924లో, జట్టు స్టాన్లీ కప్ గెలిచింది.

ఆటతీరు

భారతీయులకు పరిచితమైన హాకీకి, ఐస్ హాకీకి ఒక పెద్ద భేదముంది. మంచుపై జరిగే ఈ ఆటలో పక్ తన వద్ద ఉన్న ప్రత్యర్థిని శరీరంతో ఢీకొని అడ్డుకోవడం నిబంధనలకు లోబడినదే. దీనిని బాడీ చెక్ అంటారు. కాబట్టి భారీకాయులకు సహజంగానే అనుకూలత ఉంటుంది. మోరెంజ్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు సుమారు 75 కిలోలు మాత్రమే. అతని ఎడమవైపు ఆడిన ఆరెల్ జోలియా బరువు 62 కిలోలకు మించదు. 1930లో కుడివైపు చేరిన జానీ గాన్యోన్ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలే. ఈ ముగ్గురూ కలిసి ఆడిన 1930-31 సీజన్ లో కెనడియన్స్ మళ్ళీ స్టాన్లీ కప్ నిలబెట్టుకుంది.

దీనికి ప్రధాన కారణం మోరెంజ్ వేగం. ఢీకొట్టడానికి వచ్చిన రక్షకుడు చేరేలోగానే అతడు ఆ చోటు దాటిపోయేవాడు. అందుకే అతనికి స్ట్రాట్‌ఫర్డ్ మెరుపు అనే పేరు వచ్చింది. అప్పట్లో ప్రత్యర్థి భాగంలో పక్ ను ముందుకు అందించడం నిషిద్ధం కనుక దానిని ఒంటరిగా తీసుకువెళ్ళగల నేర్పుకు విలువ ఎక్కువ. 1929-30లో ఆ నిషేధం తొలగిన తరువాత కూడా అతని ప్రాభవం తగ్గలేదు. ఆ సీజన్ లో 44 ఆటలలో 40 గోల్స్ సాధించాడు. 1928, 1931, 1932 సంవత్సరాలలో హార్ట్ ట్రోఫీ పొందాడు. మొత్తం 550 లీగ్ ఆటలలో 271 గోల్స్ చేశాడు.

అయితే వేగంపై ఆధారపడిన ఆటకు ఒక పరిమితి ఉంది. గాయాల వల్ల, వయసు వల్ల చురుకుదనం తగ్గగానే అంతకుముందు తప్పిపోయే దెబ్బలు తగలడం మొదలైంది. 1934లో అతనిని చికాగోకు ఇచ్చివేశారు. అక్కడినుంచి న్యూయార్క్ రేంజర్స్ కు వెళ్ళి, 1936లో శిక్షకుడు సెసిల్ హార్ట్ పట్టుబట్టడంతో తిరిగి మాంట్రియల్ చేరాడు.

మరణం

1937, జనవరి 28న మాంట్రియల్ ఫోరంలో చికాగోతో జరిగిన ఆటలో మోరెంజ్ పడిపోయాడు. వెంట వస్తున్న ఆరడుగులకు మించిన, సుమారు 90 కిలోల రక్షకుడు ఎర్ల్ సీబర్ట్ అతనిపై పడటంతో కాలు విరిగింది. ఈ దుర్ఘటనకు సీబర్ట్ ను నిందించినవారున్నారు. కాని రింకు అంచు చెక్కలో స్కేటు చిక్కుకోవడం కూడా ఇందుకు కారణమే. ఆసుపత్రిలో మానసికంగా కృంగిపోయిన మోరెంజ్ మార్చి 8న, 34 ఏళ్ళ వయసులో మరణించాడు. మార్చి 11న ఫోరంలో ఉంచిన అతని భౌతికకాయాన్ని సుమారు 50 వేలమంది దర్శించుకున్నారు.

గుర్తింపులు

అతడు ధరించిన 7వ సంఖ్యను కెనడియన్స్ జట్టు మరెవరికీ కేటాయించలేదు. 1945లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ లో స్థానం లభించింది. 1950లో కెనడియన్ ప్రెస్ అతనిని అర్ధశతాబ్దపు అత్యుత్తమ హాకీ ఆటగాడిగా ఎంపిక చేసింది. అల్లుడు బెర్నీ జెఫ్రియాన్ కూడా కెనడియన్స్ ఆటగాడే. 2006, మార్చి 11న జెఫ్రియాన్ పతాకాన్ని మోరెంజ్ పతాకం పక్కనే ఎగురవేశారు; ఆ ఉదయమే జెఫ్రియాన్ మరణించాడు.