జడ్జి వేరింగు గారు

ఊరు విడిచి వచ్చి పరాయి గడ్డపై నిలదొక్కుకొన్న కుటుంబములు మనవి. పుట్టిన ఊరు తలపునకు వచ్చినపుడు కలుగు బెంగ ఎట్టిదో మన ఇండ్లలో వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేతనే, అరువదియేండ్లు సొంత ఊరిలో గౌరవముగ బ్రదికి, న్యాయము పలికినందుకు ఆ ఊరు విడువవలసి వచ్చిన ఒక అమెరికా జడ్జి చరిత్రను ఈ ఉగాది సంచికలో పాఠకులకు వినిపింపదలచితిమి.

జూలియస్ వేటీస్ వేరింగు గారు 1880లో దక్షిణ కారొలినా రాష్ట్రమందలి చార్లెస్టన్ నగరమున జన్మించిరి. తరతరములుగ ఆ ఊరివారు. పూర్వము బానిసలను ఉంచుకొనిన వంశము. 1900లో అక్కడి కళాశాలలో పట్టము పుచ్చుకొని, వకీలు వద్ద చదివి ప్లీడరైరి. కొన్నాళ్ళు ఫెడరల్ ప్రభుత్వ ప్రాసిక్యూటరునకు సహాయకులుగను, 1933 నుండి నగర వకీలుగను పనిచేసిరి.

అమెరికాలో రాష్ట్రముల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. ఫెడరల్ కోర్టులలో మొదటి మెట్టు జిల్లా కోర్టు. సాక్షులు బోనెక్కునది, జూరీ కూర్చుండునది అక్కడనే. ఆ జడ్జి పదవికి పరీక్షలు లేవు. ప్రెసిడెంటు పేరు ప్రతిపాదింపగా సెనేటు సమ్మతింపవలెను. పిమ్మట కాంగ్రెసు అభిశంసించిననే తప్ప ఆజన్మాంతము కదలింపరాదు. అయితే ఆ పేరు ప్రెసిడెంటు చెవిని పడుటకు సెనేటరుల స్నేహము కావలెను! జాతి వివక్షను గట్టిగ సమర్థించిన సెనేటరు స్మిత్ ఎన్నికలలో వేరింగు గారు పనిచేసియుండిరి. 1942లో రూజ్వెల్టు వారిని నియమించునప్పటికి వారికి 61 ఏండ్లు.

1946లో, సైన్యమునుండి విడుదలయై ఇంటికి పోవుచున్న ఐజాక్ వుడర్డ్ అను నల్లజాతి సైనికుని ఒక పోలీసు అధికారి లాఠీతో కొట్టగా రెండు కన్నులును పోయెను. కేసు వేరింగు గారి ముందుకు వచ్చెను. జూరీ అందరును తెల్లవారే. క్షణములో తేల్చివేయుదురేమోనని వారు ఇరువది నిమిషములు షికారు వెళ్ళిరట. అరగంట గడవకముందే ముద్దాయి నిర్దోషియయ్యెను. విచారణ చూడవచ్చిన భార్య ఎలిజబెత్ కంటతడితో బయటికి నడచెను. అటుపిమ్మట ఆ దంపతులు జాతి సమస్యపై పుస్తకములు తెప్పించుకొని చదివిరి.

1947లో, డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీ ఎన్నికలలో నల్లజాతివారికి ఓటు నిరాకరింపరాదని తీర్పు చెప్పిరి. ఊరివారు పలుకరించుట మానిరి. 1945లో మొదటి భార్యకు విడాకులిచ్చినందుకే వెలివేసిరని కొందరు వాదింతురు. కొంత నిజమే కావచ్చును. కాని విడాకులకు ఇంటిపై రాళ్ళు పడవు, 1950లో పడినవి.

క్లారెండన్ జిల్లాలో తెల్లపిల్లలకు బడి బస్సులుండెను, నల్లపిల్లలకు లేవు. అక్కడి తల్లిదండ్రుల తరపున థర్గుడ్ మార్షల్ వాదించిన దావాలో, 1951లో ముగ్గురు జడ్జీలలో ఇద్దరు వేరు బడులు చెల్లుననిరి. వేరింగు గారొక్కరే, పిల్లలను వేరుచేయుటయే అసమానత్వమని భిన్నాభిప్రాయము వ్రాసిరి. 1952లో పదవి విరమించి న్యూయార్కు చేరిరి. 1954లో సుప్రీముకోర్టు ఆ మాటనే శాసనము చేసెను.

1968 జనవరిలో కన్నుమూసిన పిదప దేహమును చార్లెస్టన్‌కే తెచ్చిరి. సమాధికడ నల్లజాతివారు సుమారు 200 మంది, తెల్లవారు డజనుకు లోపు. 2015లో ఆ ఊరి ఫెడరల్ కోర్టు భవనమునకు వేరింగు గారి పేరు పెట్టిరి. అంతకుముందు ఆ భవనముపై ఉన్నది మాజీ సెనేటరు హాలింగ్స్ పేరు. తన పేరు తీసి ఆ పేరు పెట్టుడని కోరినవారు ఆయనే.