ఆ బండి మీదున్న పేరు ఓ మెకానిక్‌ది.. ఇంజిన్‌ని ఉన్నట్టు వదలని సోయిచిరో హోండా కథ

నల్గొండ జిల్లా కట్టంగూర్ దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన ఐదు నిమిషాలు నిలబడితే చాలు.. హోండా పేరున్న బండి ఒక్కటైనా కళ్ల ముందు నుంచి వెళ్తుంది. కొత్త యాక్టివా కావొచ్చు, పొలం గట్టు కూడా ఎక్కేసే పాత హీరో హోండా కావొచ్చు. 1980ల్లో మన ఊళ్లలోకి వచ్చిన ఆ పేరు ఎంత మామూలైపోయిందంటే, అదొక మనిషి ఇంటిపేరు అన్న సంగతి చాలామందికి తట్టదు కూడా.

ఆ మనిషి సోయిచిరో హోండా. కమ్మరి కొడుకు. పెద్ద చదువు లేదు. షెడ్‌లో మెకానిక్‌గా మొదలుపెట్టి, ఏ ఇంజిన్‌నీ ఉన్నది ఉన్నట్టు వదిలేయలేని మనిషిగా బతికి, 1991లో కన్నుమూశారు. పాత జపాన్ కార్ల ఇంజిన్లు విప్పి, మార్చి, ట్యూన్ చేసే కుర్రాళ్లు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నారు. ఆయన ఆ పని 100 ఏళ్ల కిందటే చేశారు. అయితే ఆ పట్టుదలకి ఇంకో వైపు కూడా ఉంది. ఆయన పట్టుబట్టి చేయించిన కారులోనే ఒక డ్రైవర్ ప్రాణం పోయింది.

పెడల్ రబ్బరుతో దొంగ ముద్ర

1906 నవంబర్ 17న జపాన్‌లోని షిజువోకా ప్రాంతంలో, కొమ్యో అనే పల్లెలో పుట్టాడు సోయిచిరో. ఇప్పుడా ఊరు హమామత్సు నగరంలో కలిసిపోయింది. తండ్రి గిహెయ్ కొలిమి పని చేసేవాడు, తర్వాత సైకిళ్ల రిపేర్ షాపు పెట్టాడు. తల్లి మికా మగ్గం నేసేది. పోచంపల్లి, పుట్టపాక వైపు వాళ్లకి ఆ ఇల్లు ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

చదువులో అంతంత మాత్రమే. అప్పట్లో మార్కుల కాగితం మీద ఇంటి ముద్ర వేయించుకుని బడికి తేవాలి. మనోడు సైకిల్ పెడల్ రబ్బరు ముక్క కోసి సొంతంగా ముద్ర చేసేసుకున్నాడు. పని అయిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది, స్నేహితులకి కూడా చేసిపెట్టాడు. దొరికిపోయాడు. ముద్ర మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలని అతనికి తెలియదు. హోండా అనే పేరు జపాన్ లిపిలో ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, అందుకే తన ముద్ర పట్టుబడలేదు!

ఊళ్లోకి మొదటిసారి ఫోర్డ్ మోడల్ టీ కారు వచ్చిన రోజు దాని వెనకాలే పరిగెత్తాడు. అది ఆగిన చోట నేల మీద పడ్డ ఆయిల్ చుక్కల వాసన చూశాడు. ఆ వాసన ముసలితనం దాకా మర్చిపోలేదు. ఇంకోసారి విమానం వచ్చిందని తెలిసి, తండ్రి సైకిల్ తీసుకుని ఇంట్లో చెప్పకుండా 20 కిలోమీటర్లు తొక్కాడు. కాళ్లు పెడళ్లకి సరిగా అందే వయసు కూడా కాదు. టికెట్‌కి డబ్బుల్లేక చెట్టెక్కి చూశాడు.

విమానం ఇంజిన్.. కారు ఒంట్లో

1922లో, 15 ఏళ్ల వయసులో, టోక్యోలోని ఆర్ట్ షోకాయ్ అనే రిపేర్ షాపులో పనికి చేరాడు. స్పానర్ పట్టుకోవచ్చని ఆశపడి వెళ్తే మొదటి కొన్ని నెలలు ఓనర్ పసిబిడ్డని ఎత్తుకుని ఆడించమన్నారు. ఇంటికి పారిపోదామనుకున్నాడు కానీ ఆగాడు. 1923 సెప్టెంబర్‌లో వచ్చిన భయంకరమైన భూకంపం టోక్యోని నేలమట్టం చేసింది. షాపు మనుషులు చాలామంది వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమందిలో ఈ కుర్రాడొకడు. మంటల్లో కాలిపోయిన కార్లని మళ్లీ నడిచేలా చేయడమే అక్కడ పని. అసలు ట్రైనింగ్ అదే.

ఓనర్ యుజో సకకిబారాకి రేసుల పిచ్చి ఉండేది. షాపులోనే రేసు కారు తయారుచేయాలనుకున్నారు. అమెరికా మిచెల్ కారు ఛాసిస్ ఒకటి దొరికింది. ఇంజిన్? కర్టిస్ కంపెనీ పాత విమానం ఇంజిన్‌ని దింపి అందులో బిగించారు. 8 లీటర్లకు పైగా సైజు, 8 సిలిండర్లు. అంత పెద్ద ఇంజిన్ నిమిషానికి 1,400 చుట్లు తిరిగి సుమారు 90 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇప్పుడు మామూలు 100 సీసీ బైక్ ఇంజిన్ కూడా 7, 8 వేల చుట్లు తిరుగుతుంది కదా, అప్పటి లెక్కే వేరు. 1924 నవంబర్ 23న ఆ కారు రేసు గెలిచింది. నడిపింది ఓనర్ తమ్ముడు షిన్‌ఇచి. పక్క సీట్లో మెకానిక్‌గా కూర్చున్నది సోయిచిరో. వయసు అప్పటికి 18 దాటి ఆరు రోజులు. ఆ కారు ఇప్పటికీ మోటెగిలోని హోండా మ్యూజియంలో ఉంది.

1928లో హమామత్సుకి తిరిగొచ్చి అదే షాపు పేరుతో బ్రాంచి పెట్టాడు. కార్ల చక్రాలకి చెక్క పుల్లలు వాడే రోజుల్లో ఇనుప పుల్లలు తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. డబ్బులొచ్చాయి. వచ్చిన డబ్బు రేసు కార్లలోకే వెళ్లింది. 1936 జూన్ 7న టమగావా ట్రాక్ మీద, తాను ట్యూన్ చేసిన ఫోర్డ్ ఇంజిన్ కారుని తానే నడుపుతూ ముందు దూసుకెళ్తున్నాడు. ఒక్కసారిగా పక్క నుంచి ఇంకో కారు అడ్డొచ్చింది. కారు పల్టీలు కొట్టింది. అన్న గాయాలతో బయటపడ్డాడు. పక్కన కూర్చున్న తమ్ముడు బెంజిరోకి వెన్నెముక విరిగింది.

50 రింగుల్లో పాసైనవి 3

రిపేర్లు చేస్తూ ఉంటే ఎప్పటికీ ఇంకొకడు చేసిన బండినే బాగుచేస్తూ ఉండాలి. ఆ ఆలోచనే ఆయన్ని పిస్టన్ రింగుల వైపు నడిపించింది. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే సన్నని ఇనుప చుట్టే రింగు. అది సరిగ్గా కూర్చోకపోతే కంప్రెషన్ లీకవుతుంది, ఆయిల్ పైకెక్కి మండుతుంది. బండి నీలం పొగ కొడుతోందంటే మన మెకానిక్‌లు ముందు అనుమానించేది దీన్నే.

చూడ్డానికి చిన్నదే. హోండా చేసిన రింగులు మాత్రం విరిగిపోయేవి. పగలూ రాత్రీ పోత పోశారు, దాచుకున్న డబ్బంతా అయిపోయింది. చివరికి ఒక ప్రొఫెసర్‌కి చూపిస్తే, లోహంలో సిలికాన్ సరిపోలేదని తేలింది. తనకి తెలియనిది ఎంతుందో అప్పుడు అర్థమైంది. 30 ఏళ్లు దాటిన షాపు ఓనర్, హమామత్సు టెక్నికల్ స్కూల్లో కుర్రాళ్ల పక్కన కూర్చుని పాఠాలు విన్నారు. పరీక్షలు మాత్రం రాయలేదు, సర్టిఫికెట్ కూడా రాలేదు. ఆయన అడగనూ లేదు.

1937 చివర్లో రింగు తయారైంది. టొయోటాకి 50 పంపితే పాసైనవి మూడంటే మూడే. మళ్లీ ఫ్యాక్టరీల చుట్టూ, యూనివర్సిటీల చుట్టూ తిరిగి నేర్చుకున్నారు. టోకాయ్ సెయికి కంపెనీ అలా నిలబడింది, టొయోటా కూడా అందులో వాటా కొంది. యుద్ధంలో బాంబులు పడ్డాయి. 1945 జనవరిలో భూకంపం మిగిలిన ప్లాంటుని కూల్చేసింది. యుద్ధం అయ్యాక తన వాటా మొత్తం టొయోటాకి 4 లక్షల 50 వేల యెన్‌లకి అమ్మేసి, ఏడాది పాటు ఏ పనీ చేయకుండా కూర్చున్నారు.

సైకిల్‌కి వైర్‌లెస్ సెట్ ఇంజిన్

ఓడిపోయిన దేశం. రైళ్లు కిక్కిరిసి ఉన్నాయి. పెట్రోల్ రేషన్. పల్లెలకి బియ్యం కోసం జనం సైకిళ్ల మీద మైళ్ల దూరం వెళ్తున్నారు. 1946లో హోండాకి ఒక స్నేహితుడి ఇంట్లో చిన్న ఇంజిన్ కనబడింది. సైన్యం వైర్‌లెస్ సెట్లకి కరెంటు ఇచ్చే జనరేటర్ ఇంజిన్ అది. యుద్ధం అయిపోయింది కాబట్టి దాంతో పని లేదు.

దాన్ని సైకిల్‌కి బిగిస్తే?

బిగించారు. ట్యాంకు కోసం మొదట చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ల సీసా వాడారు. పెట్రోల్ దొరక్కపోతే దేవదారు చెట్ల నుంచి తీసిన టర్పెంటైన్ కలిపి నడిపారు. ఆ వాసన వీధంతా వచ్చేది. రోడ్డు మీద నడిపి చూసినవాళ్లలో ఆయన భార్య సచి కూడా ఉన్నారు. అలాంటి పాత ఇంజిన్లు 500 దాకా తెచ్చి, ఒక్కోదాన్నీ విప్పి బాగుచేసి, సైకిళ్లకి అమర్చి అమ్మారు. స్టాక్ అయిపోయాక తప్పక సొంత ఇంజిన్ చేశారు. 1947లో వచ్చిన ఆ ఏ-టైప్ 50 సీసీది, ఇచ్చేది అర హార్స్‌పవర్. బట బట మని చప్పుడు చేస్తుందని జనం దానికి బట బట అనే పేరు పెట్టేశారు.

1948 సెప్టెంబర్ 24న హోండా మోటార్ కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది తకేయో ఫుజిసావా వచ్చి డబ్బు, అమ్మకాలు చేతిలోకి తీసుకున్నారు. ఇంజిన్ హోండాది, వ్యాపారం ఫుజిసావాది. ఆయన లేకపోతే ఈ కంపెనీ కొన్నేళ్లకే మునిగిపోయేదని గట్టిగానే చెప్పొచ్చు. 1958లో సూపర్ కబ్ వచ్చింది. 1961లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసుల్లో 125, 250 సీసీ రెండు విభాగాల్లోనూ మొదటి ఐదు స్థానాలు హోండా బైకులవే.

కార్లలోకి 1963లో దిగారు. మొదట వచ్చింది టీ 360 అనే చిన్న ట్రక్కు. కూరగాయలు మోసే బండికి కూడా రేసు బైక్ లాంటి 4 సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. తర్వాత ఎస్ 500, ఎస్ 600, 1966లో ఎస్ 800. ఈ చివరిదాని ఇంజిన్ 791 సీసీ, పవర్ 70 హార్స్‌పవర్. మనకి బాగా తెలిసిన మారుతి 800 ఇంజిన్ కూడా దాదాపు అంతే సైజు, 796 సీసీ. కానీ కార్బురేటర్ మోడల్ ఇచ్చేది 40 హార్స్‌పవర్ లోపే. తేడా ఎక్కడుందంటే, ఎస్ 800లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కార్బురేటర్, నిమిషానికి 8 వేల చుట్లు తిరిగే క్రాంక్. ఆ నాలుగు కార్బురేటర్లూ ఒకేలా గాలి పీల్చేలా సెట్ చేయడమే పాత హోండాల ట్యూనింగ్‌లో అసలు పరీక్ష. ఒక్కటి తేడా కొట్టినా ఐడిల్‌లో బండి వణుకుతుంది. (మన దగ్గర ఇలాంటి పనులు మొదలుపెట్టే ముందు మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చూసుకోవాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు.)

గాలా? నీళ్లా?

ఇక్కడి నుంచే కథ చేదుగా మారుతుంది. ఇంజిన్‌ని గాలితోనే చల్లబరచాలన్నది హోండా పట్టుదల. నీళ్లతో చల్లబరిచినా చివరికి ఆ నీళ్లని చల్లార్చేది గాలే కదా, మధ్యలో నీళ్లెందుకన్నది ఆయన లెక్క. బైకుకి అది సరిపోయింది. కార్ల ఇంజినీర్లు ఒప్పుకోలేదు. ఆయన వినలేదు. కోపమొస్తే చేతిలో స్పానర్ విసిరేసే మనిషి, ఎదురు చెప్పడం అంత తేలిక కాదు.

ఫార్ములా వన్‌లో హోండా 1965లో మెక్సికోలో, 1967లో ఇటలీలో గెలిచింది. 1968కి గాలితో చల్లబడే ఆర్‌ఏ 302 కారు తయారైంది. టీమ్ డ్రైవర్ జాన్ సర్టీస్ దాన్ని నడిపి చూసి, ఇది రేసుకి పనికిరాదు, ప్రమాదమని తేల్చేశారు. అయినా జులై 7న ఫ్రాన్స్‌లోని రూఆన్ ట్రాక్ మీదకి ఆ కారు వచ్చింది. ఫ్రెంచ్ డ్రైవర్ జో ష్లెసర్ నడిపారు. వాన పడుతోంది. కొన్ని ల్యాప్‌లకే కారు అదుపు తప్పి గట్టుని ఢీకొంది. మెగ్నీషియం బాడీ అంటుకుంది. ష్లెసర్ బయటికి రాలేదు. ఆ ఏడాది చివర్లో హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది.

అంత జరిగినా మొండితనం తగ్గలేదు. 1969లో వచ్చిన హోండా 1300 కారు కూడా గాలితో చల్లబడేదే. పవర్‌కి లోటు లేదు. కానీ బరువెక్కువ, ఖర్చెక్కువ, అమ్మకాలు తక్కువ. పైగా పొగ మీద అమెరికా కఠినమైన చట్టం తెస్తోంది. గాలితో చల్లబడే ఇంజిన్‌లో వేడి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, పొగని లెక్కలో ఉంచడం కష్టం. యువ ఇంజినీర్ తదాషి కుమే విసిగిపోయి కొన్నాళ్లు పనికి రావడమే మానేశారు. (ఆయనే 1983లో కంపెనీ ప్రెసిడెంట్ అయ్యారు.) చివరికి ఇంజినీర్లు ఫుజిసావా దగ్గరికి వెళ్లారు. ఫుజిసావా హోండాని ఒకే ప్రశ్న అడిగారు. ప్రెసిడెంట్‌గా ఉంటారా, ఇంజినీర్‌గా ఉంటారా తేల్చుకోమన్నారు. హోండా కాసేపు ఆలోచించి ప్రెసిడెంట్‌గానే ఉంటానన్నారు. నీళ్ల ఇంజిన్‌కి ఒప్పుకున్నారు.

ఆ కుర్రాళ్ల పని నుంచే 1972లో సీవీసీసీ ఇంజిన్ వచ్చింది. ప్రతి సిలిండర్ పక్కన ఓ చిన్న గది. అందులో పెట్రోల్ ఎక్కువున్న మిశ్రమం ముందు అంటుకుంటుంది, ఆ మంట పెద్ద గదిలోని పలుచని మిశ్రమాన్ని నిదానంగా, పూర్తిగా కాలుస్తుంది. దాంతో విషవాయువులు తగ్గుతాయి. ఏ ప్రత్యేక ఫిల్టరూ లేకుండానే అమెరికా పరీక్ష పాసైంది. ఇది చిన్న ఇంజిన్లకే పనికొస్తుందని అక్కడి పెద్ద కంపెనీల వాళ్లు తీసిపారేశారు. హోండా ఏం చేశారంటే, 1973 షెవర్లే ఇంపాలా కారుని జపాన్ తెప్పించి, దాని 5.7 లీటర్ల ఇంజిన్‌కి సీవీసీసీ బిగించి, తిరిగి అమెరికాకే పరీక్షకి పంపారు. పాసైంది. పక్కా మెకానిక్ జవాబు.

ఈ ఇంజిన్‌తో అమెరికా కంపెనీలని ఓడించొచ్చని ఆయన సంబరపడితే, తాము చేసింది పోటీ కోసం కాదు, జనం పీల్చే గాలి కోసమని ఇంజినీర్లు అన్నారు. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. 1973లో, 66 ఏళ్లకే, ఫుజిసావాతో కలిసి ఒకేసారి కుర్చీ దిగిపోయారు. కొడుకు హిరోతోషి అదే ఏడాది ముగెన్ అనే సొంత ట్యూనింగ్ కంపెనీ పెట్టుకున్నారు తప్ప హోండా కుర్చీలో కూర్చోలేదు.

దిగాక ఆయన జపాన్ అంతటా హోండా షాపులకీ, వర్క్‌షాపులకీ తిరిగి పనివాళ్లతో చేతులు కలిపారు. ఒకచోట గ్రీజు చేతులతో ఉన్న కుర్రాడు కడుక్కొస్తానని వెనక్కి తగ్గితే, వద్దని ఆపి ఆ చేతినే పట్టుకున్నారు.

1991 ఆగస్టు 5న టోక్యోలో సోయిచిరో హోండా చనిపోయారు. తనకి పెద్ద ఎత్తున అంత్యక్రియలు చేయొద్దని, ట్రాఫిక్ జామ్ అయి జనం ఇబ్బంది పడతారని ముందే చెప్పి పెట్టారు. కంపెనీ అలాగే చేసింది. ఆ వారం చివర్లో, ఆగస్టు 11న హంగరీలో ఫార్ములా వన్ రేసు. హోండా ఇంజిన్ ఉన్న మెక్‌లారెన్‌లో చేతికి నల్ల బ్యాండ్ కట్టుకుని దిగిన అయర్టన్ సెన్నా మొదటి ల్యాప్ నుంచి చివరి దాకా ముందే ఉండి గెలిచారు.